పేజీ అడ్రసే జబ్బు పేరు చెప్పేస్తుంది

పాఠకుల సందేహాలు: ఆరోగ్య వెబ్‌సైట్లు, కుకీలు

ఆరోగ్య వెబ్‌సైట్లలో మన గుట్టు ఎంతవరకు నిలుస్తుందని అడిగిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. అడిగిన సంగతులు అలాంటివి కాబట్టి పేర్లు ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: పెళ్లయి నాలుగేళ్లయింది. పిల్లల కోసం మందులు వాడుతున్నాను, ఇంట్లో అందరికీ తెలియదు. ఒక రాత్రి నా ఫోన్‌లో పీసీఓడీ (అండాశయాల సమస్య) గురించి రెండు మూడు ఆరోగ్య సైట్లలో చదివాను. కుకీలకు సరేనా అని వచ్చిన ప్రతి బాక్సులో ‘యాక్సెప్ట్’ నొక్కేశాను. మూడో రోజు నుంచి మా అత్తగారు యూట్యూబ్ తెరిస్తే సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలు వస్తున్నాయి. నేను యాక్సెప్ట్ నొక్కడం వల్లేనా? (ఊరు కూడా వేయొద్దన్న పాఠకురాలు)

జవాబు: యాక్సెప్ట్‌కి ఇందులో వాటా ఉంటే ఉండొచ్చు. కానీ ముందు చూడాల్సింది అది కాదు. మీ అత్తగారి ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఎవరిది? కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు మెయిల్ ఐడీ అడుగుతాడు. నోటికి వచ్చేది కొడుకుదో కోడలిదో ఐడీ, అదే పెట్టేస్తాడు. మన ఇళ్లలో ఒకే జీమెయిల్ మూడు నాలుగు ఫోన్లలో తిరగడం మామూలే. అలాంటప్పుడు మీరు వెతికిందీ, యూట్యూబ్‌లో చూసిందీ ఒకే ఖాతాలో జమ అవుతాయి, ఆ ఖాతా ఉన్న ఫోన్లన్నిట్లో ప్రకటనలు దాన్ని బట్టే వస్తాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆవిడ గూగుల్‌లో ఏదైనా వెతుకుదామని వేలు పెడితే, మీరు వెతికిన మాటలు కింద వరసగా కనపడొచ్చు. ప్రకటన కంటే అది ఎక్కువ చెబుతుంది.

ఆవిడ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపున్న గుండ్రటి బొమ్మ నొక్కండి, ఖాతా పేరు కనిపిస్తుంది. మీదే అయితే సెట్టింగ్స్‌లో ‘పాస్‌వర్డ్స్ అండ్ అకౌంట్స్’లోకి వెళ్లి (కొన్ని ఫోన్లలో ఉత్త ‘అకౌంట్స్’ అని ఉంటుంది) ఆ ఖాతాను ‘రిమూవ్’ చేసి, ఆవిడకు వేరే ఖాతా పెట్టండి. తొందరపడి ముందే తీసేయకండి. ఆ ఖాతాలో సేవ్ అయిన ఫోన్ నంబర్లు కూడా ఆ ఫోన్‌లోంచి పోతాయి. కాంటాక్ట్స్ యాప్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ కొట్టి ఫైలు దాచుకున్నాకే తీయండి.

తర్వాత మీ ఖాతా శుభ్రం చేసుకోండి. గూగుల్ ఖాతాలో ‘డేటా అండ్ ప్రైవసీ’ కింద వెతుకులాటల చరిత్ర ఒకటి, యూట్యూబ్ చరిత్ర ఒకటి విడివిడిగా ఉంటాయి. ఒకటి చెరిపితే రెండోది పోదు. రెండింటికీ ‘ఆటో డిలీట్’ 3 నెలలకు పెట్టండి, అంతకంటే తక్కువ గడువు అందులో లేదు. అక్కడే ‘మై యాడ్ సెంటర్’లో సున్నితమైన విషయాల జాబితా ఉంటుంది, అందులో ‘ప్రెగ్నెన్సీ అండ్ పేరెంటింగ్’ ఆపేయండి. అది గూగుల్ వేసే ప్రకటనల వరకే పనిచేస్తుంది.

ఖాతాలు వేరే అయితే మిగిలేవి రెండు కారణాలు. ఇంట్లో వైఫై ఒకటే కాబట్టి బయటి సైట్లకు మీ అందరి ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కున్న నంబరు) ఒకటే కనిపిస్తుంది, ఒకే ఇంటి మనుషులని ప్రకటనల కంపెనీలు దాన్ని బట్టి అంచనా వేస్తాయి. లేదా అసలు మీకూ దానికీ సంబంధమే లేకపోవచ్చు. సాఫల్య కేంద్రాలు ఊరు మొత్తానికీ ప్రకటనలు వేస్తుంటాయి. అత్తగారి దగ్గర మీరే ముందు నోరు జారి సంజాయిషీ ఇచ్చుకోకండి.

ప్రశ్న: కుకీ అంటే చిన్న ఫైలు అని అందరూ రాస్తారు. అందులో నా జబ్బు పేరు రాసి ఉంటుందా? తెరిచి చూడొచ్చా? అది వైరస్సా? (డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

జవాబు: వైరస్ కాదు. ఉత్త అక్షరాలు, అంకెలు. తనంతట తాను ఏ పనీ చేయలేదు. ఒక్కో కుకీ సుమారు 4 కేబీ దాటదు. తెరిచి చూడొచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్‌లో సైటు తెరిచి ఎఫ్12 నొక్కండి. పై వరసలో ‘అప్లికేషన్’ కనిపించకపోతే రెండు బాణాల గుర్తు వెనక ఉంటుంది. అందులో ఎడమవైపు ‘కుకీస్’, దాని కింద సైటు పేరు. పక్కన పట్టికలో కుకీ పేరు, విలువ, గడువు అన్నీ వస్తాయి.

ఏ పేజీలు ఎంతమంది చూశారో లెక్కేసే గూగుల్ అనలిటిక్స్ వాడే సైటైతే, కింద గీతతో మొదలై ‘జీఏ’ అనే రెండక్షరాల పేరుతో ఒక కుకీ ఉంటుంది. దాని విలువ ఈ తీరులో కనిపిస్తుంది: జీఏ1.1.482915036.1718000000. మధ్యలో ఉన్న 482915036 మీ బ్రౌజర్‌కు చీటీ తీసినట్టు ఇచ్చిన నంబరు. చివరి పది అంకెలు 1970 జనవరి 1 నుంచి లెక్కేసిన సెకన్లు. 1718000000 అంటే 2024 జూన్ 10, మన టైములో ఉదయం 11 గంటల 43 నిమిషాల 20 సెకన్లు. మీరు ఆ సైటుకు మొదటిసారి వచ్చిన క్షణం అది. ఈ కుకీ మామూలు గడువు 2 ఏళ్లు. ఇప్పటి క్రోమ్ మాత్రం ఏ కుకీనీ 400 రోజులకు మించి ఉంచుకోదు, మళ్లీ వస్తే ఆ లెక్క మొదటి నుంచి మొదలవుతుంది.

జబ్బు పేరు ఎక్కడా లేదు కదా. ఆసుపత్రిలో ఓపీ చీటీ మీద నంబరు ఉంటుంది, రోగం రిజిస్టర్లో ఉంటుంది. కుకీ ఆ చీటీ లాంటిది. పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ నంబరుతో పాటు మీరున్న పేజీ అడ్రసూ, శీర్షికా ఆ లెక్కలేసే కంపెనీ సర్వరుకు వెళ్తాయి. చీరల సైటులో ఆ అడ్రస్ చివర ‘కంచి పట్టు’ అని ఉంటే నష్టం లేదు. ఆరోగ్య సైటులో ఆ చోట ‘హెచ్ఐవీ పరీక్ష’ అనో ‘గర్భస్రావం’ అనో ఉంటుంది. ఆరోగ్య సైట్ల గుట్టు గురించి మాట్లాడేటప్పుడు అందరూ కుకీ దగ్గరే ఆగిపోతారు. అసలు చూడాల్సింది ఆ అడ్రస్ ఎవరెవరికి చేరుతోందన్నది.

ప్రశ్న: మా సెంటరుకు ఆరోగ్య కార్డులు తీయించుకోవడానికీ, ఆసుపత్రి ఓపీ బుకింగులకూ రోజూ జనం వస్తారు. అన్నీ క్రోమ్‌లో చరిత్ర మిగల్చని ఇన్‌కాగ్నిటో విండోలోనే చేస్తాను. అయినా మొన్న ఒకాయన కోసం సైటు తెరిస్తే అంతకుముందు వచ్చిన ఆవిడ వివరాలు ప్రత్యక్షమయ్యాయి. ఇన్‌కాగ్నిటో ఏదీ దాచుకోదంటారు కదా? (ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు, ఖమ్మం జిల్లా)

జవాబు: దాచుకుంటుంది, చివరి ఇన్‌కాగ్నిటో విండో మూసేదాకా. చాలామందికి తెలియనిది ఇదే. ఒకేసారి నాలుగు ఇన్‌కాగ్నిటో విండోలు తెరిచినా నాలుగింటికీ కుకీల డబ్బా ఒకటే. మీరు ఆవిడ విండో మూసే ఉంటారు. కానీ ఇంకెవరిదో దరఖాస్తుతో మరో ఇన్‌కాగ్నిటో విండో కింద మినిమైజ్ అయి ఉండుంటుంది. అది ఒక్కటి బతికున్నా ఆవిడ లాగిన్ బతికే ఉంటుంది. కాబట్టి మనిషి మారగానే ముందు సైటులో లాగౌట్ కొట్టండి, తర్వాత ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేయండి, టాస్క్‌బార్‌లో ఒక్కటీ మిగల్లేదని చూసి కొత్తది తెరవండి. లాగౌట్ ఎందుకంటే, విండో మూస్తే మన దగ్గరున్న తాళంచెవి మాత్రమే పోతుంది. లాగౌట్ కొడితే, సైటు సరిగా కట్టిందైతే, అవతల సర్వరు దగ్గర తాళమే మారిపోతుంది.

ఇద్దరి పని ఒకేసారి నడవాలంటే రెండోది ఫైర్‌ఫాక్స్‌లో చేయండి, దాని డబ్బా వేరు.

మామూలు విండోలో చేస్తే ఇంకా ప్రమాదం. క్రోమ్ సెట్టింగ్స్‌లో ‘ఆన్ స్టార్టప్’ కింద ‘కంటిన్యూ వేర్ యు లెఫ్ట్ ఆఫ్’ పెట్టి ఉంటే, బ్రౌజర్ మూయగానే పోవాల్సిన కుకీలు కూడా పోవు. రాత్రి షట్టర్ దించి పొద్దున తెరిచినా నిన్నటివాళ్ల లాగిన్ అలాగే ఉండొచ్చు. అక్కడ ‘న్యూ ట్యాబ్ పేజ్’ ఎంచుకోండి.

కుకీలు పోయినా మీ సెంటర్లో మిగిలేవి చాలా ఉంటాయి. ఇన్‌కాగ్నిటోలో దింపిన ఫైలు ‘డౌన్‌లోడ్స్’లో భద్రంగా ఉంటుంది. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు, ఫొటో, పుట్టిన తేదీ ఉన్న కార్డులు నెలల తరబడి ఒక్క ఫోల్డర్లో పేరుకుంటే ఊరు మొత్తం మీ కంప్యూటర్లో ఉన్నట్టే. క్రోమ్‌లో ‘డౌన్‌లోడ్ చేసేముందు ఎక్కడ సేవ్ చేయాలో అడుగు’ అన్న మీట వేసి, అన్నీ ఒకే ఫోల్డర్లో పడేలా చేసి, సాయంత్రం షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి. ఉత్త డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ప్రింటు కొట్టేటప్పుడు ‘మోర్ సెట్టింగ్స్’లో ‘హెడర్స్ అండ్ ఫుటర్స్’ టిక్ తీసేయండి. లేకపోతే కాగితం అడుగున పేజీ అడ్రస్ అచ్చవుతుంది, కొన్ని సైట్లలో అందులో రికార్డు నంబరు కూడా ఉంటుంది. వాట్సాప్‌లో జనం పంపిన ఆధార్ ఫొటోలు మీ ఫోన్ గ్యాలరీలో చేరకుండా ‘మీడియా విజిబిలిటీ’ ఆపండి. ఓటీపీని మీరు అడిగి కొట్టొద్దు. కీబోర్డు అటు తిప్పితే చదువొచ్చినవాళ్లు వాళ్లే కొట్టుకుంటారు. నోటుబుక్కులో ఆధార్ నంబర్లు రాసి పెట్టుకునే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

ప్రశ్న: ఇంగ్లండులో మాస్టర్స్ చేస్తున్నాను. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సైటు తెరిస్తే కుకీల గురించి పెద్ద బాక్సు, రెండు మీటలు వస్తాయి. వద్దంటే వైద్యంలో ఏమైనా తేడా చేస్తారా? మన దగ్గర ప్రభుత్వ సైట్లు ఇలా అడగవు కదా, ఇక్కడెందుకు అడుగుతున్నారు? (లెస్టర్)

జవాబు: ఏ తేడా రాదు. ఆ బాక్సు జాగ్రత్తగా చదివితే, సైటు నడవడానికి కావాల్సిన కుకీలు ఇప్పటికే పెట్టేశామని ముందే చెబుతుంది. అడిగేది కొలత కుకీల గురించి. జనం ఏ పేజీలు చూస్తున్నారు, ఎక్కడ ఇరుక్కుంటున్నారు అన్న లెక్క ఎడోబీ అనలిటిక్స్ అనే సేవకు వెళ్తుంది, దానికి సరేనా అంటుంది. వద్దంటే జబ్బుల సమాచారం, దగ్గర్లో జీపీ (ఫ్యామిలీ డాక్టర్) ఎక్కడున్నారన్న వెతుకులాట అన్నీ అలాగే పనిచేస్తాయి. మీ వైద్య రికార్డులకూ ఈ మీటకూ లంకె లేదు. తమాషా ఏంటంటే, మీరు ‘వద్దు’ అన్నారని గుర్తుపెట్టుకోవడానికీ ఒక కుకీ కావాలి. కుకీలన్నీ చెరిపేస్తే మళ్లీ అడుగుతుంది, విసుక్కోవద్దు.

అడగడానికి కారణం 2003లో అక్కడ తెచ్చిన ఎలక్ట్రానిక్ సమాచార గోప్యత నిబంధనలు, పొట్టిగా పెకర్ అంటారు. మీ పరికరంలో ఏదైనా దాచాలన్నా, దాచినది చదవాలన్నా ముందు చెప్పాలి, ఒప్పించాలి. సేవకు తప్పనిసరి అయినవాటికి మినహాయింపు. దాచింది వ్యక్తిగత సమాచారమా కాదా అన్నది ఆ నిబంధనకు అక్కర్లేదు. ముందే టిక్ కొట్టి ఉంచిన పెట్టె ఒప్పుకోలు కిందకు రాదని 2019 అక్టోబరు 1న ఐరోపా న్యాయస్థానం తేల్చింది. 2025లో బ్రిటన్ చేసిన కొత్త డేటా చట్టం, సైటును మెరుగుపరచుకోవడానికి సొంతంగా వేసుకునే లెక్కలకు కొంత సడలింపు ఇచ్చింది; స్పష్టంగా చెప్పాలి, వద్దనే వీలుండాలి. దాంతోపాటే పెకర్ ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానాను 5 లక్షల పౌండ్ల నుంచి 1.75 కోట్ల పౌండ్లకు, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 4 శాతానికి, ఏది ఎక్కువైతే దానికి పెంచింది.

మీరు నిజంగా జాగ్రత్త పడాల్సింది ఆ పెద్ద సైటు దగ్గర కాదు. ఎన్‌హెచ్‌ఎస్ అంటే ఒక సైటు కాదు, ఆసుపత్రులు నడిపే ఒక్కో ట్రస్టుకూ ఒక్కో సైటు, ఎవరి కాంట్రాక్టరు వాళ్లదే. ఒకచోట ‘వద్దు’ నొక్కితే రెండోచోట వర్తించదు. 2023 మేలో అబ్జర్వర్ పత్రిక పరిశీలిస్తే 20 ట్రస్టుల సైట్లలో మెటా పిక్సెల్ అనే ఫేస్‌బుక్ కంపెనీ ట్రాకింగ్ కోడ్ దొరికింది. చూసిన పేజీలు, నొక్కిన మీటలు, వెతికిన మాటలు ఫేస్‌బుక్ కంపెనీకి చేరుతున్నాయి. వాటిలో 17 ట్రస్టులు దాన్ని తీసేశాయి. ప్రచారం ఎంతమందికి చేరిందో చూసుకుందామని పెట్టిన కోడ్, సైటు తలకట్టులో (అన్ని పేజీలకూ ఒకటే ఉండే హెడర్‌లో) ఉండటంతో రోగుల పేజీల్లోనూ నడిచింది. అదే బ్రౌజర్‌లో మీరు ఫేస్‌బుక్‌లోకి లాగిన్ అయి ఉంటే మీ ఖాతా నంబరున్న కుకీ కూడా దాని వెంట వెళ్లగలదు. అప్పుడు ‘ఎవరో ఒకరు చూశారు’ అన్నది ‘మీరే చూశారు’ అవుతుంది.

ఆరోగ్యం గురించి చదవడానికి ఫైర్‌ఫాక్స్ విడిగా పెట్టుకోండి. 2022 జూన్ నుంచి అందులో ఏ సైటు కుకీల డబ్బా ఆ సైటుదే. సెట్టింగ్స్‌లో ‘స్ట్రిక్ట్’ పెడితే తెలిసిన ట్రాకర్ల కోడ్‌నే లోపలికి రానివ్వదు. ఐఫోన్‌లో సఫారీ బయటి సైట్ల కుకీలను 2020 నుంచి పూర్తిగా ఆపుతోంది. క్రోమ్ మామూలు విండోలో ఆపదు, మీరే ఆపాలి. ఆపినా పిక్సెల్ అదే సైటు పేరుతో పెట్టుకునే 90 రోజుల కుకీ ఆగదు, పేజీ అడ్రస్ వెళ్లడమూ ఆగదు. అందుకే ‘స్ట్రిక్ట్’ మీద మాకు ఎక్కువ నమ్మకం.

ప్రశ్న: భద్రంగా ఉంటుందని నాన్నగారి ఫోన్‌లో కుకీలన్నీ ఆపేశాను. ఇప్పుడు ఆసుపత్రి పోర్టల్లో ఓటీపీ కొట్టగానే మళ్లీ మొదటి పేజీకే వస్తోంది. (నిజామాబాద్)

జవాబు: అన్నీ ఆపితే అంతే. వెబ్‌సైటుకు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి మీరెవరో గుర్తుండదు. గుర్తుచేసేది లాగిన్ ఉన్నంతసేపు ఉండే సెషన్ కుకీయే. ఓటీపీ సరైనదేనని ఒప్పుకుని చీటీ ఇచ్చింది, మీ బ్రౌజర్ ఆ చీటీ పారేసింది, గుమ్మంలో మళ్లీ ‘మీరెవరు’ అంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ‘సైట్ సెట్టింగ్స్’ కింద ఆపేసిన సైట్ డేటాను మళ్లీ అనుమతించి, ‘థర్డ్ పార్టీ కుకీస్’ (బయటి సైట్ల కుకీలు) ఒక్కటే బ్లాక్‌లో ఉంచండి. అయినా తిరిగి వస్తుంటే ఫోన్‌లో తేదీ చూడండి. సంవత్సరం తప్పుంటే వచ్చిన కుకీ గడువు అప్పుడే తీరిపోయినట్టు లెక్క. ఈలోపు ఓటీపీ మీద ఓటీపీ కొట్టకండి, కొన్ని పోర్టళ్లు ఖాతాను కాసేపు బిగించేస్తాయి.

ప్రశ్న: ప్రభుత్వ ఆసుపత్రి వెబ్‌సైట్ బాధ్యత నా నెత్తిన పడింది. కట్టిన కాంట్రాక్టరు వెళ్లిపోయాడు. ఓపీ బుకింగ్ ఫారం, డాక్టర్ల పట్టిక, వీడియోలు, మ్యాపు ఉన్నాయి. ఒక కుకీ బాక్సు తగిలిస్తే సరిపోతుందా? (రాయలసీమ నుంచి ఒక ఉద్యోగి)

జవాబు: బాక్సు చిట్టచివరి పని. ముందు మీ సైటు నుంచి ఏం బయటికి పోతోందో చూడండి. కొత్త ఇన్‌కాగ్నిటో విండో, ఎఫ్12, ‘నెట్‌వర్క్’. అక్కడ వడపోతల్లో ‘థర్డ్ పార్టీ రిక్వెస్ట్స్’ టిక్ కొట్టి మీ హోంపేజీ తెరవండి. దేన్నీ నొక్కొద్దు. వచ్చిన ప్రతి వరసా మీ గుమ్మంలో నిలబడ్డ బయటి మనిషే. అతనెవరు, ఎందుకొచ్చాడు, ఎవరు రమ్మన్నారు అని కాగితం మీద రాయండి. చాలావాటికి మూడో గడి ఖాళీగా మిగులుతుంది. అదే పరీక్ష బుకింగ్ ఫారం దగ్గర, బుక్ అయ్యాక వచ్చే పేజీ దగ్గర తప్పకుండా చేయండి. ట్రాకర్ కోడ్ అందరూ తలకట్టు ఫైల్లోనే అతికిస్తారు, తలకట్టు అన్ని పేజీలకూ ఒకటే కాబట్టి రోగి వివరాలున్న పేజీలో కూడా అది నడుస్తుంది.

ఇక తీసేయడం. ఫేస్‌బుక్ పేజీ బాక్సు, షేర్ మీటలు తీసి మామూలు లింకులు పెట్టండి. వీడియోకి బొమ్మ పెట్టి, నొక్కాకే యూట్యూబ్ వచ్చేలా చేయండి. యూట్యూబ్‌కి ‘నోకుకీ’ అన్న చిరునామా ఉంది, అది వాడండి గానీ పేరు చూసి నమ్మేయకండి, ప్లే నొక్కాక గూగుల్‌కు తెలియకుండా ఉండదు. మ్యాపుకీ ఒక బొమ్మ, ఒక లింకు చాలు. తెలుగు ఫాంట్లు గూగుల్ సర్వరు నుంచి రప్పిస్తుంటే మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఏదైనా దించుకుని మీ సర్వర్లోనే పెట్టండి, లైసెన్సు అడ్డం రాదు. ఫాంటు కోసం వచ్చినవాళ్ల ఐపీని గూగుల్‌కు పంపినందుకు 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఒక సైటు యజమాని మీద 100 యూరోలు వేసింది. మొత్తం చిన్నదే గానీ చర్చ పెద్దదైంది.

ఫారం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి. ‘సబ్మిట్’ కొట్టాక అడ్రస్ బార్ చూడండి. అక్కడ ప్రశ్నార్థకం తర్వాత ఫోన్ నంబరూ, ‘విభాగం=సుఖవ్యాధులు’ లాంటిదీ కనిపిస్తే ఫారం గెట్ పద్ధతిలో (నింపినవన్నీ అడ్రస్‌లోనే పంపే తీరు) ఉంది. ఆ వరస బ్రౌజర్ చరిత్రలో, సర్వరు లాగ్‌లో (ఎవరు ఏ పేజీ అడిగారో సర్వరు రాసుకునే చిట్టా), అనలిటిక్స్‌లో మూడు చోట్లా నిలిచిపోతుంది. అడ్రస్‌లో పెట్టకుండా పంపే పోస్ట్ పద్ధతికి మార్చండి. లాగ్ ఎలాగూ చెరిపేస్తాం అనుకోవద్దు. 2022 ఏప్రిల్ 28 నాటి కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్ ఇన్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచి తీరాలి, అది ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తుంది. ఉంచక తప్పనిచోట జబ్బు పేరు పడకుండా చూసుకోవడమే దారి. చీటీ నంబర్లు 1041, 1042 అని వరసగా ఇస్తున్నారా? అడ్రస్‌లో ఒక్క అంకె మారిస్తే పక్క రోగి చీటీ వస్తుందేమో మీరే మార్చి చూడండి. వస్తే మిగతా పనులన్నీ ఆపి ముందు అది సరిచేయించండి. చీటీ చూపించేముందు అది ఆ మనిషిదేనా అని సర్వరు సరిచూడాలి, నంబరు కూడా ఊహకందని పొడవాటిదై ఉండాలి.

లాగిన్ కుకీకి సెక్యూర్, హెచ్‌టీటీపీ ఓన్లీ, సేమ్‌సైట్ లాక్స్ అనే మూడు రక్షణ గుర్తులూ ఉన్నాయా అని ఎఫ్12 పట్టికలోనే తెలుస్తుంది. పీహెచ్‌పీ సైట్లలో ఇవి వాటంతట అవి పడవు, పెట్టించాలి. పావుగంట కదలిక లేకపోతే సెషన్ ముగియాలి. ఎంతమంది వచ్చారన్న లెక్క పైవాళ్లు అడుగుతారు కాబట్టి కొలత మానలేరు. గోయాక్సెస్ లాంటిది సర్వరు లాగ్ చదివి లెక్క చెబుతుంది, కుకీయే అక్కర్లేదు. ఇంకా వివరంగా కావాలంటే మటోమోను సొంత సర్వర్లో పెట్టి, కుకీలు ఆపి, ఐపీలో చివరి రెండు భాగాలు చెరిపేలా అమర్చండి.

ఇవన్నీ అయ్యాక గోప్యతా విధానం పేజీ చదవండి. ‘ఈ పోర్టల్ మీ పేరు, ఫోన్ నంబరు లాంటి వివరాలను తనంతట తాను సేకరించదు’ అని ప్రభుత్వ సైట్లలో ఒకదాని నుంచి ఒకదానికి అతికిస్తూ వచ్చిన వాక్యం ఉంటుంది. మీ కాగితంతో సరిపోల్చి, ఉన్నదున్నట్టు తెలుగులో రాయండి. అప్పటికీ అడగాల్సిన కుకీలు మిగిలితేనే బాక్సు. రెండు మీటలూ ఒకే సైజు, ఒకే రంగు. పరీక్ష ఒక్కటే: బాక్సును ముట్టకుండా కుకీల పట్టిక తెరవండి. జీఏ అప్పటికే వచ్చి కూర్చుంటే ఆ బాక్సు దిష్టిబొమ్మే.

ప్రశ్న: ఒక ల్యాబ్ సైటులో రిపోర్టు చూశాక నాకు ఆ జబ్బు మందుల ప్రకటనలు మొదలయ్యాయి. మన దేశంలో కుకీలకు చట్టం ఉందా? ఎవరికి ఫిర్యాదు చేయాలి? (విశాఖపట్నం)

జవాబు: కుకీలకని విడి చట్టం లేదు. ల్యాబ్ ప్రైవేటు సంస్థ అయితే ఐటీ చట్టం 43ఏ కింద 2011లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. వైద్య రికార్డులు, శారీరక, మానసిక ఆరోగ్య స్థితి వాటిలో సున్నితమైన సమాచారంగా లెక్క. సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు వెబ్‌సైటులో పెట్టాలి, ఆ అధికారి నెలలోపు పరిష్కరించాలి. ముందు రాయాల్సింది ఆయనకే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు మొదలవడానికి వాటిలో 18 నెలల గడువిచ్చారు. అందులో ఆరోగ్యానికి ప్రత్యేక గది లేదు, అన్నీ ఒకే గంపలో. కానీ ఒప్పుకోలు ఎంత తేలిగ్గా ఇచ్చామో అంతే తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి, నోటీసు తెలుగులో అడిగితే ఇవ్వాలి, భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. ప్రభుత్వ పథకాలు, సేవల కోసం ప్రభుత్వం డేటా వాడటానికి మాత్రం అందులో విడి దారి ఉంది, ప్రతిసారీ ఒప్పుకోలు అక్కర్లేదు. ఇంకోమాట, తప్పుడు ఫిర్యాదు చేస్తే ఫిర్యాదు చేసినవారి మీద 10 వేల దాకా పడొచ్చు. ప్రకటన వచ్చిందన్నది ఒక్కటే రుజువు కాదు, మీరు గూగుల్‌లో వెతికినందుకూ వచ్చి ఉండొచ్చు.

రుజువు కోసం పైన చెప్పిన ‘నెట్‌వర్క్’ పరీక్షే చేయండి. బయటి కంపెనీల పేర్లు, అడ్రస్ బార్, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. అక్కడ పేజీ పంపినవన్నీ ఫైలుగా దాచే ‘ఎక్స్‌పోర్ట్ హార్’ అని ఒకటి ఉంటుంది, ఆ ఫైలు ఎవరికీ పంపొద్దు; అందులో మీ లాగిన్ కుకీలు కూడా ఉండే ప్రమాదముంది. ఉత్తరంలో ఏ తేదీన ఏ పేజీలో ఏ కంపెనీకి సమాచారం వెళ్తూ కనిపించిందో రాసి, నాది ఏమేం పంపారు, ఎప్పటి నుంచి, దాన్ని తొలగించమని వాళ్లకు చెప్పారా అని అడగండి. మీ రిపోర్టు పేజీ అడ్రస్ మాత్రం ఆ ఉత్తరంలో పెట్టకండి, ఫిర్యాదు తిరిగే ప్రతి టేబుల్ దగ్గరా మీ జబ్బు చదువుతారు. ట్రాకర్ తలకట్టులో ఉంటే వాళ్ల రక్తపరీక్షల ధరల పేజీలోనూ కనిపిస్తుంది. ఆ పేజీ తెరిచి, ఆ స్క్రీన్‌షాటే జత చేయండి.